పేరు పెట్టమంది

మొదట బల్బు ఒక్కటే కొన్నాను,
కాశీబుగ్గ బజార్లో, ఆరొందల తొంభైకి.
స్విచ్చి ముట్టుకోనక్కర్లేదమ్మా అన్నాడు కొట్టువాడు.
ఆ మాటకే పడిపోయేను.

పదహారేళ్లుగా జీడిపిక్కలు కొట్టిన చేతులివి.
జీడి తగిలి తగిలి
వేలి గీతలు ఎప్పుడో అరిగిపోయేయి.
రేషను మిషను మీద నా బొటనవేలు పడదు,
ఫోను తాళం తియ్యదు.
నేను నేనేనని ఏ గాజుపలకా నమ్మదు.
మాటకి ఎలిగే దీపమంటే
ఆశ పుట్టదేటి మరి?

డబ్బా తిరగేసి చూస్తే ఎక్కడా తెలుగు లేదు.
పక్క వాటాలో ఐటీఐ చదివే రోహిణి వచ్చి
ఐదుసార్లు ఆర్పి ఎలిగించమంది.
ఐదోసారికి బల్బు కన్ను కొట్టడం మొదలెట్టింది.
"దారికొచ్చింది పిన్నీ, ఇప్పుడు వైఫై ఇవ్వాల."
ఇచ్చేం. పుచ్చుకోలేదు.
వైఫైలో రెండు రకాలుంటాయట,
మా ఇంటికి పెట్టె తగిలించినవాడు
బల్బుకి పడని రకం ఇచ్చి పోయేడట,
గుండుపప్పు అడిగితే బద్ద తూచినట్టు.
రెండు రాత్రులు, ఒక ఆదివారం.
క్యాలెండరు అంచు నిండా పాస్‌వర్డులు, కొట్టివేతలు,
పాలవాడి లెక్కలో కలిసిపోయి.

తెర మీద గుండ్రం తిరిగి తిరిగి
చివరికి ఆగింది.
పేరు పెట్టమంది.

నా కూరకి పేరు పెట్టినవాళ్లే గాని
నన్ను పేరు పెట్టమన్నవాళ్లు లేరు.
పిల్లడికి ఆడపడుచు పెట్టింది.
ఆటోకి బావగారు పెట్టేరు.
పెరటి లైటు అని రాసేను.
"ఎనకాల లైటు ఎలిగించు" అంటే
అర్థం కాలేదంది ఫోనులో అమ్మాయి.
వెలిగించు అనాలట.
పై పళ్లతో పెదవి కొరికి మరీ అన్నాను.
అయినా తెలీలేదు దానికి.

"ఎలా పలికినా చెడిపోనిది పెట్టు పిన్నీ."

దమయంతి, అని కొట్టేను,
ఎవరిదో సొమ్ము తీస్తున్నట్టు
చుట్టూ చూసుకుని.

ఆ ఊపులోనే ఇంకో ప్లగ్గు కొని
నీళ్ల మోటారుకి ఆయన పేరు పెట్టేను.
తెల్లారి నాలుగింటికి ట్యాంకు నిండింది.
ఢిల్లేశ్వరరావు ఆఫ్, అనాల.
ఇక్కడ రాయగలుగుతున్నాను గాని
అప్పుడు నోరు రాలేదు.
ఇరవై రెండేళ్లు పలకని పేరు.
నీళ్లు గోడ దిగి, గుమ్మం దాటి,
వీధిలో కుక్కని లేపేయి.
పరుగున వెళ్లి ప్లగ్గు పీకేను.
మర్నాడు మోటారుకి మోటారనే మార్చీసేను.

బల్బుది మార్చలేదు.

రాత్రి ఆటో నిలిపి ఆయన పెరట్లోకి వచ్చేడు.
"ఒలే, లైటు."
ఎలగలేదు.
"ఇదిగో, నిన్నే."
నేను చోడి అంబలి కలుపుతున్నాను, తిరగలేదు.
"ఏటని పిలవాల దీన్ని?"
చెప్పేను.
నవ్వేడు. దగ్గేడు. చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు.
ఫోను నోటి దగ్గరికి తెచ్చుకుని
ఎవరి చెవిలోనో అప్పు అడుగుతున్నట్టు
"దమయంతి... ఆన్."

మునగచెట్టు, బట్టల తీగ, పగిలిన తొట్టి
అన్నీ ఒక్కసారే బయటపడ్డాయి.
ఆయన ముఖం కూడా.

ఆర్పడానికీ అదే పేరు.
రోజుకి రెండుసార్లు. నేను లెక్కపెడతాను,
పిక్కల డబ్బాలు లెక్కపెట్టినట్టు.

నిన్న సముద్రం వైపు నుంచి గాలీ వానా.
ఎక్కడ కొమ్మ పడిందో, కరెంటు తీసీసేరు.
చలికి ఫ్యాను వెయ్యలేదు గనక ఆయనకి తెలీదు.
నడిరేయి లేచి, గోడ తడుముకుంటూ,
"దమయంతి ఆన్."
చీకటి.
"దమయంతీ."

కరెంటు లేదని చెప్పొచ్చు.
అగ్గిపెట్టె నా తలగడ కిందే ఉంది.
కదలకుండా పడుకున్నాను,
ఇంకోసారి అంటాడేమో అని.